టీ గ్లాసు ఖాళీ అయ్యేదాకా

నాకు జపనీస్ రాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మదనపల్లెలో సగం మంది నన్ను ఇప్పటికీ 'జపాన్ మేడమ్' అనే పిలుస్తారు. మార్కెట్‌కు వెళ్తే టమోటాలమ్మే ఆమె పక్కనున్న కొడుకుతో "జపాన్ మేడమ్ వచ్చిండాది, మంచివి ఏరి పెట్టప్పా" అంటుంది. పెట్టేవి మాత్రం ఎప్పటిలా మెత్తటివే. నేను జపాన్ చూడలేదు కూడా. పాస్‌పోర్టు ఉంది, అందులో ఒక్క ముద్ర లేదు. అలాంటి నేను జపాన్ బడుల్లో ఇంగ్లీషు చెప్పడానికి వెళ్ళే టీచర్లను తయారుచేసే పనిలో చాలా ఏళ్ళు గడిపాను, రిటైరయ్యాను, శాలువా కూడా కప్పించుకున్నాను.

ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్న అమ్మాయిలు కొందరు "మేడమ్, మీ అనుభవం రాసివ్వండి, మాకు పనికొస్తుంది" అని వెంటపడ్డారు. పనికొస్తుందన్న హామీ నేనివ్వను. నాకు తెలిసింది రాస్తాను.

అసలు ఈ ఉద్యోగం ఏమిటంటే

జపాన్ బడుల్లో అక్కడి ఇంగ్లీషు టీచరు పక్కన నిలబడి, పిల్లలచేత నాలుగు ముక్కలు మాట్లాడించడానికి బయటి దేశాల నుంచి టీచర్లను తీసుకుంటారు. చిన్నప్పటి నుంచీ ఇంగ్లీషు మీడియంలో చదివిన మనవాళ్ళు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇంటర్వ్యూ వీడియోలో జరుగుతుంది. అందులో ముఖ్యమైనది డెమో క్లాసు. ఇంటర్వ్యూ చేసే పెద్దమనుషులే బడిపిల్లల్లా కూర్చుంటారు, మన టీచరు వాళ్ళకు పాఠం చెప్పాలి. ఆ పాఠానికి మనవాళ్ళను సిద్ధం చేయడమే నా ఉద్యోగం.

ఇది వినగానే మీరు గ్రామర్, ఉచ్చారణ అని ఊహించుకుంటారు. నేనూ అలాగే ఊహించుకుని చేరాను. తీరా చేశాక తెలిసింది, ఎక్కువ కాలం పోయేది చుట్టాలను ఊరడించడానికేనని. ఒక ఇంట్లో జపాన్ మాట పుట్టిందంటే వీధి వీధంతా ఆ ఇంట్లోనే ఉంటుంది. "ఆడ పచ్చి చేపలు తింటారంట గదా, మా పాప యాడ బతుకుతాది?" అని ఒక మేనత్త. "భూమి ఊగుతాదంట" అని ఇంకొక పెద్దాయన. వీళ్ళందరికీ జవాబు చెప్పాలి. మిగిలిన సమయంలో చెత్త గురించి చెప్పాలి. అక్కడ చెత్తను కాలేది, కాలనిది, సీసా, డబ్బా, కాగితం అని విడివిడిగా కట్టి, దేనికి చెప్పిన రోజున దాన్ని బయట పెట్టాలి. అన్నీ ఒకే కవర్లో వేసి ఎదుటివాడి గోడ పక్కన పెట్టడం తెలిసిన మనకు ఇది ఇంగ్లీషు కంటే కష్టం.

రెడ్డెప్పగారి ఫ్యూజీ పర్వతం

మా ఇన్‌స్టిట్యూట్ యజమాని రెడ్డెప్పగారు. మొదట టైపింగ్ నేర్పించారు, తర్వాత కంప్యూటర్లు, ఆ తర్వాత గల్ఫ్‌కు పోయే నర్సులకు కోచింగ్, చివరికి జపాన్. పాత బోర్డు తీయించే అలవాటు ఆయనకు లేదు, దానిమీదే కొత్తది కొట్టిస్తారు. మా జపాన్ బోర్డును గోరుతో గీకితే కింద గల్ఫ్ కనబడేది.

జపాన్ బ్యాచ్ మొదలైనప్పుడు గుమ్మం మీద కట్టడానికి ఫ్యూజీ పర్వతం బొమ్మతో ఫ్లెక్సీ కావాలన్నారు. ఫ్లెక్సీ కొట్టు కుర్రాడికి ఏ ఇబ్బంది వచ్చిందో ఏమో, మన ఊరి పక్కనున్న హార్సిలీ హిల్స్ ఫోటో తీసుకుని కొండ కొసన తెల్లరంగు పూసి ఇచ్చేశాడు. చాలాకాలం ఎవరూ గమనించలేదు. ఒకరోజు నాకే అనుమానమొచ్చి అడిగాను.

"సార్, ఫ్యూజీ పర్వతం అంచున మన వ్యూ పాయింట్ రెయిలింగ్ కనబడుతోంది."

"ఆడా రెయిలింగ్ ఉంటాది లేమ్మా. జపానోళ్ళు జాగ్రత్త మనుషులు" అన్నారు రెడ్డెప్పగారు.

ఆయన చెడ్డవాడు కాదు. ఆయనకు తెలిసిన చదువు శబ్దం. క్లాసులోంచి అరుపులు వినబడితే చదువు జరుగుతున్నట్టు, వినబడకపోతే టీచరు నిద్రపోతున్నట్టు. "రోడ్డుమీద పొయ్యేవాళ్ళకు ఈడ సదువు సెప్తాండారని ఎట్ల తెలిసేదమ్మా?" అనేవారు. మీకూ ఇలాంటి యజమానులే దొరుకుతారు. ఫ్లెక్సీల గురించి వాళ్ళతో పోట్లాడకండి. ఆ ఓపిక క్లాసు కోసం దాచుకోండి.

చలపతి నమస్కారాలు

పుంగనూరు చలపతి ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్. ఇంగ్లీషు బాగా వచ్చు. కానీ జపాన్ అంటే వంగడం అని ఎవరో చెప్పారు, దాన్ని మనసులో పెట్టుకున్నాడు. ఎంతవరకు వంగితే ఎంత మర్యాదో ఫోన్‌లో వీడియోలు చూసి సాధన చేశాడు. బస్సులో కండక్టరుకు కూడా వంగేవాడు. వద్దప్పా, మామూలుగా ఉండు అని నేను చెప్తే, నాకూ వంగి, మళ్ళీ అదే చేసేవాడు.

ఇంటర్వ్యూ రోజు ల్యాప్‌టాప్ వెనక కూర్చున్నాను. వాళ్ళు పలకరించారు, చలపతి వంగాడు. పేరడిగారు, వంగి చెప్పాడు. వంగిన ప్రతిసారీ తెరమీద ఆయన స్థానంలో మా గది ఫ్యాను కనబడేది. నేను చేతులూపాను, కళ్ళెర్రజేశాను, లాభం లేకపోయింది. చివరికి అవతల ఒకాయన, నెట్‌వర్క్ ఏమైనా ఇబ్బందా అని చాలా మర్యాదగా అడిగాడు. దానికి క్షమాపణ చెప్పడానికి చలపతి ఇంకా లోతుగా వంగాడు. నుదురు ల్యాప్‌టాప్‌కు తగిలి మూత పడిపోయింది.

బయట రెడ్డెప్పగారు ఆత్రంగా నిలబడి ఉన్నారు. "సెలెక్టయినాడామ్మా?"

"ఫ్యాను సెలెక్టయి ఉండొచ్చు సార్" అన్నాను.

ఇప్పుడాయన పలమనేరులో హాయిగా పాఠాలు చెప్పుకుంటున్నాడు. ఎదురైతే వంగుతాడు కూడా. మీ దగ్గరకు వచ్చేవాళ్ళు పది రకాల మర్యాదలు కొత్తగా నేర్చుకుని వస్తారు. వాటినన్నిటినీ మాన్పించి, వాళ్ళ ముఖం కెమెరాలో పడేలా చేస్తే మీ పని సగం అయినట్టే.

మెర్సీ

మెర్సీది కుప్పం. అక్కడ ఒక ప్రైవేటు బడిలో టీచరు. శనివారం బడి వదలగానే బస్సెక్కి, పలమనేరులో మారి, పుంగనూరు మీదుగా మదనపల్లె చేరేది. రాత్రి మా ఇంట్లోనే పడక. ఆదివారం పొద్దున ఇక్కడి మిషన్ చర్చిలో ఆరాధనకు వెళ్ళొచ్చి, మధ్యాహ్నం నా ముందు కూర్చునేది. అంతకుముందు రెండుసార్లు సొంతంగా దరఖాస్తు పెట్టుకుని, రెండుసార్లూ డెమో క్లాసులోనే పోయింది.

మొదటిసారి భర్త ప్రభాకర్‌ను వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన కుప్పంలో గ్రానైట్ పాలిష్ పని చేసేవాడు. మనిషి నెమ్మది. ఒక వాక్యం మొదలుపెడితే మధ్యలో రెండుసార్లు దగ్గి, గోడ పట్టుకుని, మిగతాది పూర్తి చేసేవాడు. ఒక్కోసారి పూర్తి చేయకుండా చేత్తోనే 'వద్దులే' అనేవాడు. ఆ దుమ్ము మానేయకపోతే లాభం లేదని ఆస్పత్రిలో గట్టిగా చెప్పారట.

"మానేస్తే ఇల్లెట్ల జరిగేది మేడమ్?" అంది మెర్సీ. "నా బడి జీతం బాడుగకే సరిపోతాది. నేను ఆడికి పోతేనే ఈయన దుమ్ములోనించి బయటికొచ్చేది. ఈసారి కూడా ఇంటర్వ్యూ పోతే ఇంగ మానమని నేను అడగను, ఈయనా మానడు."

ప్రభాకర్ ఏదో అనబోయాడు, దగ్గు వచ్చింది. నేను టీ తెప్పించాను.

సరే, ఒక డెమో చెయ్యమన్నాను. మెర్సీ లేచి, లేని పిల్లలకు మామిడికాయ బొమ్మ చూపించి, "దిస్ ఈజ్ ఎ మ్యాం..." అని చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. గదిలో ఉన్నది నేనూ, ప్రభాకరూ. నేను పలకలేదు. వెంటనే తనే "గో!" అని అరిచింది. "అండర్‌స్టాండ్?" అని అడిగి, తనే "ఎస్ టీచర్!" అంది. పది నిమిషాల్లో టీచరూ, నలభైమంది పిల్లలూ, అందరి పనీ తనే చేసేసి కూర్చుంది. ప్రభాకర్ చప్పట్లు కొట్టాడు.

మనందరం ఇలాగే చదువుకున్నాం, ఇలాగే చెప్పాం. టీచరు మాట సగంలో వదలాలి, క్లాసంతా తోక అందుకుని అరవాలి. 'అర్థమైందా' అంటే 'అయింది టీచర్' అని పైకప్పు ఎగిరిపోవాలి. ఈ ఉద్యోగానికి ముందు నేను పుంగనూరు బడిలో పనిచేసినన్నాళ్ళూ 'కాలేదు' అన్న జవాబు ఒక్కసారి వినలేదు. అంటే నేనెంత గొప్ప టీచరునో మీరే అర్థం చేసుకోండి.

జపాన్ వాళ్ళు అలా అందుకోరు. ప్రశ్న వేస్తే ఆలోచిస్తారు, ఆ ఆలోచన బయటికి వినబడదు. మెర్సీ రెండు ఇంటర్వ్యూల్లోనూ ఆ నిశ్శబ్దానికి హడలిపోయి, వాళ్ళకు నోరు తెరిచే సందు ఇవ్వకుండా అన్ని జవాబులూ తనే చెప్పేసింది. ఎందుకంత భయమని అడిగాను.

"మా బడి నడిపే కరస్పాండెంట్ వరండాలో తిరగతా ఉంటాడు మేడమ్. ఏ క్లాసులో గలాటా లేకుంటే ఆ క్లాసులో దూరి, యాల గమ్మునుండావు అంటాడు. సైలెంటైతే నాకు సెమటలు పడతాయి."

కుప్పం కరస్పాండెంటూ, మా రెడ్డెప్పగారూ ఒకే గురువు దగ్గర చదువుకున్నట్టున్నారు.

అప్పుడు నేనొక పద్ధతి కనిపెట్టాను. కనిపెట్టాను అంటే పెద్దమాట, చేతిలో టీ గ్లాసు ఉంది కాబట్టి తట్టింది. "ప్రశ్న వెయ్యి. నేను ఈ టీ మొత్తం తాగి, గ్లాసు కింద పెట్టేదాకా నోరు తెరవకూడదు" అన్నాను. కింద కొట్టు నుంచి వచ్చే టీ పొగలు కక్కుతూ ఉంటుంది, నేనేమో వేడి తాగలేను.

మొదటి వారం నేను గ్లాసు ఎత్తేలోపే జవాబు చెప్పేసింది. తర్వాత ఒక గుక్క దాకా ఆగింది. తర్వాత నోరు మూసుకుంది కానీ కళ్ళతో, కనుబొమలతో, రెండు చేతులతో మామిడికాయను చూపించింది. అది కూడా వద్దన్నాను. చేతులు వెనక్కి కట్టుకుని, చెమటలు తుడుచుకుంటూ నిలబడింది.

ఆ నిశ్శబ్దంలో తలుపు తోసుకుని రెడ్డెప్పగారు వచ్చారు. "ఏమ్మా, కరెంటు పొయ్యిండాదా?"

"లేదు సార్, క్లాసు జరుగుతోంది."

"యాడ జరుగుతాంది? ఆయమ్మ గోడకి ఆనుకోనుండాది, నువ్వు టీ తాగతాండావు! కింద ఇద్దరు పేరెంట్స్ వచ్చిండారు. సప్పుడు లేకుంటే వాళ్ళేమనుకుంటారు?"

ఆ ఉద్యోగంలో నేను ఆయనతో నిజంగా పోట్లాడింది ఆ ఒక్కసారే. "మీకు చప్పుడు కావాలంటే పక్క గదిలో పెట్టించుకోండి. ఈ గదిలో నిశ్శబ్దమే సిలబస్" అన్నాను. ఆయన నిజంగానే పక్క గదిలోని స్పోకెన్ ఇంగ్లీష్ బ్యాచ్‌ను గట్టిగా చదవమని చెప్పి వెళ్ళారు. దానివల్ల మాకూ మేలే జరిగింది. ఆ గోల మధ్య నోరు మూసుకోవడం ఇంకా కఠినమైన సాధన.

ఒక ఆదివారం నేను గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టాను. మెర్సీ ఇంకా ఎదురుచూస్తూనే ఉంది, నవ్వుముఖంతో, తొందర లేకుండా. నాకు సంతోషం పట్టలేక ఇంకో టీ చెప్పాను.

ఇంటర్వ్యూలో ఆమె ప్రశ్న వేసి ఆగింది. పిల్లల్లా కూర్చున్న ముగ్గురు పెద్దమనుషులూ ఆగారు. ఎంతసేపు ఆగారంటే, తలుపు సందులోంచి చూస్తున్న రెడ్డెప్పగారు 'నెట్ పోయిందా' అని నాకు సైగలు చేయడం మొదలుపెట్టారు. అప్పుడు ఆ ముగ్గురిలో ఒకామె మెల్లగా జవాబు చెప్పింది. మెర్సీ సెలెక్టయింది. రెడ్డెప్పగారు ఆమె ఫోటోను ఫ్లెక్సీ మీద, హార్సిలీ ఫ్యూజీ పక్కన, తనే స్వయంగా శిక్షణ ఇచ్చినట్టుగా వేయించారు.

ప్రశాంతమైన క్లాసు

ఇక్కడితో ఆపేస్తే నేను గొప్పదాన్నని మీరు నమ్మేవాళ్ళు. కథ ఇంకా ఉంది.

మెర్సీ కొండల మధ్య ఒక చిన్న ఊరి బడిలో చేరింది. కానీ ప్రభాకర్ పని మానలేదు. "ఆడ కాంట్రాక్టు ఏడాదికే గదా. ఇంగో ఏడాదికి రెన్యూ కానీ, అప్పుడు మానేస్తా" అన్నాడట. అంటే ఆయన ఊపిరి ఇప్పుడు జపాన్‌లో ఆ క్లాసు మీద ఆధారపడి ఉందన్నమాట.

కొన్ని నెలలకు మెర్సీ ఫోన్ చేసింది. గొంతు బాగాలేదు.

"మేడమ్, నాతో పాటు సెప్పే టీచరమ్మ నా క్లాసు సానా ప్రశాంతంగా ఉండాదనింది. నేను మురిసిపొయ్యి, మాలాంటి బయటి టీచర్లని సూసుకునే కో-ఆర్డినేటర్‌కి సెప్పినా. ఆయప్ప అది పొగడ్త కాదన్నాడు. పిల్లోళ్ళు ఒక్కరూ నోరు తెరవలేదని ఆయమ్మ బాధంట. ఇట్లే ఉంటే రెన్యూ కష్టమంట."

"ఇంకొంచెం ఆగి చూడమ్మా" అన్నాను. ఏ రోగం చెప్పినా ఒకే మాత్ర ఇచ్చే డాక్టర్లు ఉంటారు కదా, నేనూ ఆ కోవలోకి చేరిపోయాను.

"ఎంతసేపు ఆగేది మేడమ్? నేను గ్లాసు అయ్యేదాకా ఆగితే ఈళ్ళు కెటిల్ అయ్యేదాకా ఆగతారు. బెల్లు కొట్టేదాకా ఒకరినొకరం సూసుకుంటా ఉండాం."

ఫోన్ పెట్టేశాను. గోడ పట్టుకుని దగ్గుతున్న ప్రభాకరే కళ్ళముందు ఉన్నాడు. నేను నేర్పిన నిశ్శబ్దం ఇంటర్వ్యూ గదికి సరిపోయింది, క్లాసుకు సరిపోలేదు. ఆమెను సెలెక్ట్ చేయించడం గురించి అన్నీ ఆలోచించాను, ఆమె అక్కడ ఏం చేయాలో ఆలోచించలేదు. మీరు ఈ పనిలో చేరితే ఈ ఒక్క తప్పు మాత్రం చేయకండి, మిగతావన్నీ ఎలాగూ చేస్తారు.

తర్వాత చాలా రోజులు ఫోన్ రాలేదు. నాకు చేసే ధైర్యం లేదు. ఒక పొద్దున పాల ప్యాకెట్టు చింపుతుండగా మోగింది.

"మేడమ్, మన అరుపే పెట్టినాను!" అంది మెర్సీ.

ముందు వరసలో కూర్చునే ఒక అమ్మాయి ప్రశ్న అడిగితే తల వంచేసేదట, చెవులు ఎర్రబడేవట. అదే అమ్మాయి వరండాలో స్నేహితురాలితో అదే ఇంగ్లీషు వాక్యం చక్కగా అంటుంటే మెర్సీ విన్నది.

"వస్తాది మేడమ్ ఆ పాపకి. ఒక్కతే లేసి తప్పు సెప్పాలంటే సిగ్గు, అంతే. అప్పుడు మన బడి గ్యాపకమొచ్చింది. అందరూ కలిసి అరిస్తే ఎవరు తప్పు సెప్పినా కనబడదు గదా. నేను కూడా సిన్నప్పుడు ఆ అరుపులో దాక్కొనే సదువుకున్నా. కానీ మేడమ్, ఊరికే 'ఎస్ టీచర్' నేర్పిస్తే మళ్ళీ మన కత మనదే. అందుకని 'నో టీచర్' నేర్పించినా."

"అదేమిటే?"

"అండర్‌స్టాండ్ అంటే, అందరూ కలిసి 'నో టీచర్!' అనాల. గట్టిగా. ఆట మాదిరి. మొదటి రోజు పక్క క్లాసాయన పరిగెత్తుకోనొచ్చినాడు, ఏమైందో అని. మా టీచరమ్మ నోటికి సెయ్యి అడ్డం పెట్టుకోని ఒగటే నవ్వు. 'నో' అన్నాక నేను మళ్ళీ సెప్తా, సెప్పి ఆగతా, మీ గ్లాసు అంత సేపు. ఇప్పుడు ఏది అర్థం కాలేదో వాళ్ళే ఒక్కొక్కరుగా అడగతాండారు. ఆ పాప కూడా."

నేను పాలు పొంగించేశాను. కరస్పాండెంట్ నేర్పిన అరుపూ, నేను నేర్పిన మౌనమూ రెండూ అరకొర చదువులే. ఆ రెంటినీ కలిపి పనికొచ్చేలా చేసింది మెర్సీ. అది నాకు తట్టకపోవడం గురించి కాసేపు ఉక్రోషపడ్డాను కూడా. తర్వాత ఆమె కాంట్రాక్టు రెన్యూ అయిందని తెలిసిన రోజు, రెడ్డెప్పగారు పంచిన మైసూర్‌పాక్ రెండు ముక్కలు తిన్నాను.

ఆఖరి క్లాసు

నా ఆఖరి క్లాసు ఏ మహత్తరమైన విషయం మీద అనుకుంటున్నారు? చెత్త మీద. జపాన్ వెళ్ళే టీచర్లతో పాటు, వాళ్ళ వెంట వెళ్ళే భార్యలనూ భర్తలనూ కూర్చోబెట్టి అక్కడి ఇంటిపనులు చెప్పే క్లాసు అది. శాలువా కప్పడం సాయంత్రానికి పెట్టుకుని, నన్ను మధ్యాహ్నం దాకా పని చేయించారు రెడ్డెప్పగారు.

వెనక బెంచీలో ప్రభాకర్ ఉన్నాడు. గ్రానైట్ మానేసి చాలా నెలలైంది. ఒళ్ళు కాస్త చేసింది. మెర్సీ దగ్గరికి వెళ్ళడానికి వీసా కోసం చూస్తున్నాడు.

నేను బోర్డు మీద గడులు గీసి, కాలే చెత్త ఏది, కాలనిది ఏది, సీసా మూత దేంట్లో, సీసా దేంట్లో, ఏది ఎప్పుడు బయట పెట్టాలో గబగబా చెప్పేశాను. చెప్తుంటే నాకే తికమకగా ఉంది. అయినా పాత అలవాటు ఎక్కడికి పోతుంది, చివర్లో చాక్‌పీస్ కింద పెట్టి "అర్థమైందా?" అన్నాను.

"అయింది మేడమ్!" అని గదంతా ఒక్కసారిగా అరిచింది.

ఆ అరుపు ఆగాక వెనకనుంచి ఒక్క గొంతు వినబడింది.

"నాకు కాలేదు మేడమ్! ఆ సీసా మూత కాడినించి ఒక్క ముక్క కూడా అర్థం కాలేదు. ఇంగోసారి సెప్పండి!"

ప్రభాకర్ లేచి నిలబడి అన్నాడు. అంత పొడుగు మాటా ఒకే ఊపిరిలో అన్నాడు. మధ్యలో ఆగలేదు, గోడ పట్టుకోలేదు. గదిలో అందరూ వెనక్కి తిరిగి చూశారు.

తలుపు దగ్గర రెడ్డెప్పగారి తల కనబడింది. "ఏందమ్మా గలాటా?"

"ఏం లేదు సార్. ఒకరికి అర్థం కాలేదంట."

"ఇంకెవరికి కాలేదు?" అని క్లాసును అడిగాను. ఎవరూ పలకలేదు. అంతలో కింద కొట్టు నుంచి టీ వచ్చింది. గ్లాసు అందుకుని, కుర్చీలో కూర్చుని, మెల్లగా తాగడం మొదలుపెట్టాను. రెడ్డెప్పగారు గుమ్మంలోనే నిలబడి నా గ్లాసు వంక చూశారు.

గ్లాసు సగం కాకముందే ముందు బెంచీలో ఒకామె చెయ్యెత్తింది. ఆమె పక్కాయన ఎత్తాడు. చివరికి చూస్తే ఎత్తని చెయ్యి లేదు.

మిగిలిన టీ పక్కన పెట్టేసి, బోర్డు తుడిచి, సీసా మూత దగ్గరనుంచి మళ్ళీ చెప్పాను.